చిన్న ఫ్లాట్‌లో రాత్రిపూట మెల్లగా వినడానికి ఏం కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: రెండు గదుల ఫ్లాట్, పక్కింటితో కలిసిన గోడ, లోపలి గదిలో నిద్రపోయే పసిపాప. పాటలు వినడానికి మీకు తీరిక దొరికేది రాత్రి పది దాటాకే. షోరూమ్‌లో 100 వాట్ల యాంప్లిఫయర్, రెండు టవర్ స్పీకర్లు, లోతైన శబ్దాలు (బాస్) పలికే ఒక సబ్‌వూఫర్ చూపించి "పవర్ ఎక్కువుంటే తక్కువ వాల్యూమ్‌లో కూడా క్లియర్‌గా ఉంటుంది" అన్నారు. అది నిజమేనా, లేక హెడ్‌ఫోన్లతో సరిపెట్టుకోవాలా అని అడిగారు. సినిమాల్లో మాటలు వినబడక, ఫైట్లు మాత్రం ఇల్లు లేపేస్తున్నాయని చివర్లో ఇంకో మాట కూడా అన్నారు.

నిజం కాదండీ. ఆ సెట్ కొనకండి. చేయి చాస్తే అందేంత దూరంలో పెట్టుకుని వినే చిన్న యాక్టివ్ స్పీకర్ల (యాంప్లిఫయర్ లోపలే ఉండేవి) జత, దానికి తోడు ఒక మంచి హెడ్‌ఫోన్: మీ ఇంటికి ఇవి చాలు. రెండూ ఒకేసారి కుదరకపోతే ముందు హెడ్‌ఫోన్ తీసుకోండి. సబ్‌వూఫర్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ఇక్కడి నుంచి రాసేదంతా ఎందుకు, ఎలా అన్నదే. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

పద్దెనిమిదేళ్ళుగా తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఆడియో సెట్లు కుదిర్చిపెడుతున్నాను. చాలామందివి ఇరుకు ఫ్లాట్లే. కొనేముందు షాపులో వాల్యూమ్ పెంచి విని మురిసిపోతారు, ఇంటికొచ్చాక ఆ వాల్యూమ్ ఒక్కరోజు కూడా పెట్టలేరు. నాబ్ మొదటి పావు వంతు తిప్పినప్పుడు ఆ వస్తువు ఎలా పలుకుతుందో షాపులో ఎవరూ వినరు. మీరు రోజూ వినబోయేది మాత్రం ఆ పావు వంతే.

వాట్ల లెక్క ముందు తేల్చేద్దాం. స్పీకర్ వివరాల కాగితంలో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 86 డెసిబెల్స్ (శబ్దం బలాన్ని కొలిచే లెక్క) అని ఉందనుకోండి. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ వస్తుందని దాని అర్థం. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే మీటరు దూరంలో 60 చుట్టుపక్కల ఉంటుంది. రాత్రిపూట మీరు వినేది 65 అనుకుందాం. 86 నుంచి 65కి దిగాలంటే 21 డెసిబెల్స్ తగ్గాలి. ప్రతి 10 డెసిబెల్స్‌కి పవర్ పదోవంతు అవుతుంది కాబట్టి ఆ 65కి కావలసింది సుమారు 8 మిల్లీవాట్లు. వాట్‌లో వందో వంతు కూడా కాదు! పాటలో హఠాత్తుగా వచ్చే దెబ్బలు సగటు కంటే 20 డెసిబెల్స్ పైకి లేస్తాయనుకున్నా ఒక వాట్ లోపే. మిగిలిన 99 వాట్లు ఆ డబ్బాలో ఊరికే నిద్రపోతాయి.

నిద్రపోతే పోనీ అనుకోవచ్చు. కానీ పెద్ద యాంప్‌తో మెల్లగా వినేవాళ్ళకి నిజంగానే ఒక చిక్కుంది. నా మొదటి పెద్ద యాంప్‌తో నేను పడ్డ పాటు చెప్తాను. అది కొన్నాక రాత్రిళ్ళు వింటుంటే గాయని గొంతు ఎప్పుడూ ఎడమవైపు నుంచే వచ్చేది. కుడి స్పీకర్ పోయిందేమో అనుకుని రెండూ అటూ ఇటూ మార్చాను. గొంతు ఎడమవైపే ఉంది. వైర్లు మార్చాను. అయినా అంతే. చివరికి నా చెవి మీదే అనుమానం వచ్చి కుర్చీ వెనక్కి తిప్పి కూర్చుని విన్నాను, గొంతు కుడివైపుకి వెళ్ళింది, అంటే చెవులు బానే ఉన్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాల్యూమ్ పెంచుతూ పోతే ఆ గాయని గొంతు నెమ్మదిగా జరుగుతూ జరుగుతూ వచ్చి మధ్యలో నిలబడింది. అప్పుడు వెలిగింది. దోషం వాల్యూమ్ నాబ్‌ది.

చాలా యాంప్‌లలో ఆ నాబ్ కింద కుడి ఎడమలకి చెరొక కార్బన్ పట్టీ ఉంటుంది. నాబ్ బాగా కింద ఉన్నప్పుడు ఆ రెండు పట్టీలూ ఒకదానితో ఒకటి సరిగ్గా సరిపోవు, కొంచెం పెంచితే సర్దుకుంటాయి. దీనికి తోడు ఇప్పటి సీడీ ప్లేయర్లు, డ్యాక్‌లు (డిజిటల్ పాటని యాంప్‌కి అందే సిగ్నల్‌గా మార్చేవి) 2 వోల్టుల సిగ్నల్ పంపుతాయి. కొన్ని యాంప్‌లకి 200 మిల్లీవోల్టులు అందితేనే పూర్తి పవర్ వచ్చేస్తుంది. అంటే కావలసినదానికి పది రెట్లు లోపలికి పోస్తున్నామన్నమాట. అందుకే నాబ్ గడియారంలో ఎనిమిది గంటల చోటు దాటకముందే ఇల్లు మోగిపోతుంది, మీకు కావలసిన వాల్యూమ్ ఆ పాడు మూలలో ఇరుక్కుంటుంది.

ఇంట్లో ఇప్పటికే అలాంటి యాంప్ ఉంటే దాన్ని అమ్మేయక్కర్లేదు. డ్యాక్‌లో గానీ ఫోన్‌లో గానీ వాల్యూమ్ తగ్గించి, యాంప్ నాబ్‌ని పది పదకొండు గంటల చోటికి తెచ్చుకోండి. డిజిటల్‌గా తగ్గిస్తే క్వాలిటీ పోతుందని భయపెడతారు. 24 బిట్ల డ్యాక్‌లో ఒక్కో బిట్‌కి 6 డెసిబెల్స్ లెక్కన 48 డెసిబెల్స్ తగ్గించినా ఇంకా 16 బిట్లు మిగులుతాయి, సీడీలో ఉండేవీ అన్నే. డిజిటల్‌గా తగ్గించే వీలు లేకపోతే ఆర్‌సీఏ వైరుకి (ప్లేయర్ నుంచి యాంప్‌కి పోయే వైరు) మధ్యలో తగిలించే చిన్న అటెన్యుయేటర్ ప్లగ్గులు దొరుకుతాయి, 10 డెసిబెల్స్ తగ్గించేది తీసుకోండి. నేను వాడింది అదే. గాయని అప్పట్నుంచి మధ్యలోనే నిలబడి పాడుతోంది.

ఇప్పుడు అసలు విషయం, దూరం.

బయట మైదానంలో అయితే స్పీకర్‌కి దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మూడు మీటర్ల అవతల సోఫాలో కూర్చునే మనిషి మీటరు దూరానికి వస్తే 9.5 డెసిబెల్స్ కలిసొస్తాయి. గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల అంత రాదు, అయినా చెప్పుకోదగ్గంత వస్తుంది. దగ్గరికి వచ్చి ఆ మేరకు వాల్యూమ్ తగ్గిస్తే మీ చెవికి అదే వాల్యూమ్ అందుతుంది, గోడకి మాత్రం చాలా తక్కువ చేరుతుంది. పక్కింటివాళ్ళకి మీరు వాల్యూమ్ తగ్గించినట్టే, మీకు తగ్గించినట్టే ఉండదు. ఇంత లాభం ఏ ఖరీదైన యాంప్ కొన్నా రాదు. పైగా దగ్గరగా వింటే గది ప్రతిధ్వని కంటే స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం పాలు ఎక్కువ, కాబట్టి మెల్లగా పెట్టినా మాట, తీగ మీద వేలు జారిన చప్పుడు, గాయకుడు ఊపిరి తీసుకోవడం స్పష్టంగా తెలుస్తాయి. షోరూమ్ వాళ్ళు చెప్పిన ఆ క్లారిటీ ఇలా వస్తుంది.

చిన్న స్పీకర్ అంటే చులకన వద్దు. బీబీసీ వాళ్ళు 1970లలో ఎల్ఎస్3/5ఏ అని ఒక స్పీకర్ తయారు చేసుకున్నారు. బయటి కార్యక్రమాల ప్రసారానికి వెళ్ళే వ్యానుల్లో ఇంజనీర్లు ఇరుక్కుని కూర్చుని, అతి దగ్గర నుంచి విని తప్పులు పట్టడానికి. ఎత్తు ఒక అడుగు, వెడల్పు అందులో మూడింట రెండు వంతులకి కొంచెం తక్కువ. ఇప్పటికీ దాన్ని వెతుక్కుని కొనేవాళ్ళున్నారు. ఇప్పటి వాటిల్లో జెనెలెక్ 8010 లాంటి మూడంగుళాల వూఫర్ (బాస్ పలికే కోన్) ఉన్నవి, ఐకే మల్టీమీడియా వాళ్ళ ఐలౌడ్ మైక్రో మానిటర్ లాంటివి ఈ పనికే పుట్టాయి. యాంప్ వాటి లోపలే ఉంటుంది. టేబుల్ పెద్దదైతే నాలుగైదు అంగుళాల వూఫర్ దాకా వెళ్ళొచ్చు, అంతకు మించి మీకు అవసరం లేదు.

కానీ యాక్టివ్ స్పీకర్లలో మెల్లగా వినేవాళ్ళని ఏడిపించేవి రెండున్నాయి, ఇవి స్పెసిఫికేషన్ కాగితంలో సాధారణంగా కనబడవు.

మొదటిది హిస్. పాట లేనప్పుడు ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న భాగం) నుంచి సన్నగా సుయ్య్ మని వచ్చే చప్పుడు. చాలా మోడళ్ళలో వాల్యూమ్ తగ్గించినా ఇది తగ్గదు, ఎందుకంటే ఇది నాబ్ తర్వాత ఉన్న యాంప్ నుంచి వస్తుంది. పగలు షాపులో ఏసీ హోరులో ఇది వినబడే అవకాశమే లేదు. నా మిత్రుడొకడు రివ్యూలన్నీ చదివి తెచ్చుకున్న జత మీద నేను చెవి పెట్టక్కర్లేకుండానే, కుర్చీలో కూర్చుంటేనే, అర్ధరాత్రి కుక్కర్ ఎక్కడో దూరంగా కూస్తున్నట్టు వినబడింది. వాడు మొదటి రోజు పట్టించుకోలేదు. వారం తర్వాత పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాగానే చెవి దాని మీదికే పోతోందని వెనక్కి ఇచ్చేశాడు. అందుకే వెనక్కి తీసుకునే షరతు మీదే కొనండి. ఇంటికి తెచ్చాక రాత్రి ఫ్యాన్ ఆపి, పాట పెట్టకుండా, మీరు కూర్చునే చోట కూర్చుని ఒక నిమిషం వినండి. ట్వీటర్‌కి చెవి ఆనిస్తే ఏ స్పీకరైనా కొంచెం పలుకుతుంది, అది లెక్కలోకి రాదు. కూర్చున్న చోట వినబడకపోతే పాస్.

రెండోది ఆటో స్టాండ్‌బై. సిగ్నల్ లేదనుకుంటే కాసేపటికి స్పీకర్ తనంతట తానే పడుకుంటుంది. మీరు మరీ మెల్లగా వింటుంటే దానికి అది సిగ్నల్‌లా కనిపించదు. ఆలాపన మంచి పట్టులో ఉండగా టక్కున ఆగిపోతుంది. వెనకాల దాన్ని ఆపేసే స్విచ్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

ఇక బాస్. "మెల్లగా పెడితే పాట పీలగా ఉంటుంది" అని మీరు రాసిన మాట దగ్గరికి వస్తున్నాను. అది స్పీకర్ లోపం కాదు, మన చెవి తత్వం. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి గీతలుగా చూపించారు. ఐఎస్ఓ 226 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉండేవి ఆ తరహా గీతలే, తర్వాతి కొలతలతో సరిదిద్దినవి. వాటి ప్రకారం 1000 హెర్ట్జ్ (సెకనుకి వెయ్యి కంపనాలు) స్వరం 40 డెసిబెల్స్‌లో మనకి ఎంత గట్టిగా అనిపిస్తుందో, 100 హెర్ట్జ్ స్వరం అంత గట్టిగా అనిపించాలంటే దాదాపు 64 డెసిబెల్స్ కావాలి. 50 హెర్ట్జ్‌కైతే 78 దాకా కావాలి. వాల్యూమ్ పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. మృదంగం కచేరీ పెట్టి చూడండి. వాల్యూమ్ తగ్గించుకుంటూ వస్తే కుడిచేతి చాపు, టకటకలు చివరిదాకా నిలుస్తాయి, ఎడమచేతి గంభీరనాదం ముందే మాయమవుతుంది. ఒకే వాయిద్యం సగం అయిపోతుంది.

దీనికి మందు పాత యాంప్‌లలోనే ఉంది, లౌడ్‌నెస్ అనే బటన్. బాస్ బాగా, ట్రెబుల్ (సన్నని శబ్దాలు) కొంచెం లేపుతుంది. ఖరీదైన సామాను తయారు చేసేవాళ్ళు ఒక దశలో దీన్ని నామోషీ అనుకుని తీసేశారు. మెల్లగా వినేవాడికి అంతకంటే పనికొచ్చే బటన్ లేదు! బటన్ కాకుండా తిప్పే నాబ్ ఉంటే ఇంకా మంచిది. యమహా యాంప్‌లలో ఉండే లౌడ్‌నెస్ నాబ్ అలాంటిదే: ముందు వాల్యూమ్‌ని మీరు వినే గరిష్ఠ స్థాయిలో పెట్టి, అక్కడి నుంచి ఆ నాబ్‌తో తగ్గించుకుంటూ రావాలి. వాల్యూమ్ తగ్గేకొద్దీ బాస్ దానంతట అదే సర్దుకుంటుంది. ఆర్ఎంఈ వాళ్ళ ఏడీఐ-2 డ్యాక్‌లో ఇదే పని డిజిటల్‌గా జరుగుతుంది. డెనాన్, మరాంట్జ్ రిసీవర్లలో చాలావాటికి ఆడిసీ డైనమిక్ ఈక్యూ ఉంటుంది, దాని పనీ ఇదే.

ఏదీ లేకపోతే ఈక్వలైజర్ (బాస్, ట్రెబుల్ విడివిడిగా పెంచి తగ్గించే సాధనం) చాలు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. 100 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ ఫిల్టర్ (అక్కడికి కింది శబ్దాలన్నిటినీ కలిపి పెంచేది) ఒకటి పెట్టి 3 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి. మీకు బాగా తెలిసిన ఒకే ఒక్క పాట తీసుకోండి. పగలు హాయిగా వినే వాల్యూమ్‌లో బాస్ ఎలా ఉందో మనసులో పెట్టుకుని, రాత్రి వాల్యూమ్‌లో అదే పాట పెట్టి ఆ నిండుతనం వచ్చేదాకా ఒక్కో డెసిబెల్ పెంచండి. నా టేబుల్ దగ్గర 6 దగ్గర ఆగింది. దీన్ని "రాత్రి" అని పేరు పెట్టి సేవ్ చేసుకోండి, పగలు తీసేయండి. చిన్న వూఫర్‌కి ఇంత బాస్ ఇస్తే చెడిపోదా అంటే, పెద్ద వాల్యూమ్‌లో అయితే ఇబ్బందే. మెల్లగా వింటున్నప్పుడు వూఫర్ కదిలేదే చాలా తక్కువ, కావలసినంత జాగా ఉంటుంది.

ఈక్వలైజర్ కంటే ముందు ప్రయత్నించాల్సింది ఇంకొకటుంది, స్పీకర్‌ని గోడకి దగ్గరగా జరపడం. గోడ పక్కన ఉంటే బాస్‌కి ఊరికే బలం వస్తుంది, లెక్క ప్రకారం గరిష్ఠంగా 6 డెసిబెల్స్ దాకా. గోడకి మీటరు ముందుకి లాగితే 85 హెర్ట్జ్ ప్రాంతంలో గోతి పడుతుంది, ఎందుకంటే గోడకి తగిలి తిరిగొచ్చిన అల ముందుకెళ్ళే అలని కొట్టేస్తుంది. కాబట్టి మీ విషయంలో బెత్తెడు ఖాళీ ఉంచి గోడ వైపే పెట్టండి. అయితే ఆ గోడ పక్కింటితో కలిసినది కాకూడదు, స్పీకర్ గానీ టేబుల్ గానీ గోడని తాకకూడదు.

తాకకూడదని ఎందుకు గట్టిగా చెప్తున్నానో ఈ ఉదంతం వింటే తెలుస్తుంది. మా బంధువుల ఫ్లాట్‌లో నేల మీద సబ్‌వూఫర్ ఉండేది. కింద ఫ్లాట్ వాళ్ళు రోజూ గొడవ. "ఇంట్లో మాకే సరిగ్గా వినబడటం లేదు, వాళ్ళకి ఎలా వినబడుతుంది" అని వీళ్ళ వాదన. నేను పైన పాట పెట్టించి, కిందివాళ్ళని అడిగి వాళ్ళ పడకగదిలో నిలబడ్డాను. పాట లేదు, గొంతు లేదు, ట్యూన్ లేదు. దుబ్... దుబ్... దుబ్. అంతే. మంచం చట్రం మీద చెయ్యి పెడితే చేతికి తెలుస్తోంది. ఐదు నిమిషాలకే నాకు తల వాచిపోయింది, వాళ్ళు ఏడాదిగా పడుతున్నారు. పాటైనా వినబడితే మనిషి సర్దుకుంటాడు, ఆ దుబ్ దుబ్ మాత్రం భరించలేడు.

శబ్దం రెండు దారుల్లో వెళ్తుంది. గాలిలో వెళ్ళేది గోడకి తగిలి చాలావరకు ఆగుతుంది, ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే ఇంకా బాగా ఆగుతుంది. అందుకే గొంతు ఆగిపోయి బాస్ దూరిపోతుంది. రెండో దారి నేల, గోడ, స్తంభం. డబ్బా అదురు నేరుగా కాంక్రీటులోకి దిగితే ఎక్కడ తేలుతుందో చెప్పలేం. మేం చేసింది మూడు పనులు: సబ్‌వూఫర్ కింద మందపాటి రబ్బరు దిమ్మలు, దాన్ని గది మూలలోంచి తీసి సోఫా పక్కకి జరపడం, దగ్గరికి వచ్చింది కాబట్టి దాని వాల్యూమ్ సగానికి పైగా తగ్గించడం. గొడవ పూర్తిగా ఆగలేదు గానీ, రాత్రి తొమ్మిది తర్వాత ఆపేస్తామనే ఒప్పందంతో సద్దుమణిగింది. మీకు పది తర్వాతే కదా అసలు సంగతి మొదలయ్యేది. అందుకే వద్దన్నాను. బాస్ పెంచే ఈక్వలైజర్‌కీ ఇదే హెచ్చరిక. మీకు పెరిగిన బాస్ పక్కింటికీ పెరుగుతుంది. మీటరు దూరంలో, మెల్లగా, మూడునాలుగు అంగుళాల వూఫర్‌తో అయితే అది గోడ దాటేంత ఉండదు. వీలైతే ఒకసారి పక్కింటివాళ్ళనే అడిగి వాళ్ళ గదిలో నిలబడి వినండి. పరిచయమూ పెరుగుతుంది.

గోడకి నురగ పలకలు అతికిస్తే శబ్దం బయటికి పోదు అన్నది పూర్తిగా తప్పు. అవి గది లోపలి ప్రతిధ్వని తగ్గిస్తాయి, అదీ పై ఫ్రీక్వెన్సీల్లోనే. గోడ అవతలికి పోయే బాస్‌ని అవి ఏమీ చేయలేవు. దళసరి కర్టెన్, నేల మీద తివాచీ, పుస్తకాల అల్మారా ఉన్న గది ఎలాగూ బాగా వినబడుతుంది, వాటికోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టకండి. 

హెడ్‌ఫోన్ల విషయానికి వద్దాం. మీరు వినేది పాప పడుకునే గదిలోనా, తలుపు వేసి ఉన్న వేరే గదిలోనా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు, అంటే వెనకాల జాలీలా తెరిచి ఉండేవి, గంటలకొద్దీ వినడానికి హాయి. చెవి ఉక్కపోయదు, పాట తలలో కాకుండా కొంచెం బయట ఉన్నట్టుంటుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 1997 నుంచి ఉన్నది, ఇప్పటికీ గొంతు వినడానికి నేను దాన్నే తీస్తాను. కానీ ఓపెన్ బ్యాక్‌లో శబ్దం బయటికి కారుతుంది. పక్క మంచం మీద నిద్రపోయేవాళ్ళకి చీమ గొంతుతో పాట వినబడుతుంది. వేరే గది అయితే ఓపెన్ బ్యాక్, అదే గది అయితే బేయర్‌డైనమిక్ డీటీ 770 లాంటి క్లోజ్డ్ బ్యాక్ (వెనకాల మూసి ఉండేది) గానీ, చెవి లోపలికి పెట్టుకునే ఇయర్‌ఫోన్స్ గానీ.

క్లోజ్డ్ బ్యాక్‌లో ఒక చిన్న మెలిక: కళ్ళజోడు. దాని కాడ దగ్గర కుషన్‌కీ తలకీ మధ్య సందు పడితే బాస్ అక్కడి నుంచే జారిపోతుంది. మీకు కళ్ళజోడు ఉంటే పెట్టుకునే ట్రయల్ చూడండి. ఇయర్‌ఫోన్స్‌లోనూ ఇదే సూత్రం. "బాస్ లేదు, పారేస్తున్నా" అని ఒకావిడ నాకు ఇచ్చేసిన ఇయర్‌ఫోన్స్‌కి డబ్బాలో ఉన్న పెద్ద సైజు రబ్బరు టిప్పులు తొడిగి ఆవిడకే తిరిగిచ్చాను. మళ్ళీ అడిగితే ఇవ్వనంది.

వాటికి వేరే యాంప్ కావాలా? మెల్లగా వినడానికి చాలావరకు అక్కర్లేదు. హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డు) 300 ఓమ్‌లు కదా అని భయపెడతారు, రాత్రి వాల్యూమ్‌కి మంచి యూఎస్‌బీ డాంగిల్ (ఫోన్‌కి తగిలించే చిన్న డ్యాక్) నడిపిస్తుంది. యాపిల్ వాళ్ళ చిన్న డాంగిల్ 1 వోల్ట్ ఇస్తుంది, యూరప్‌లో అమ్మేది మాత్రం సగమే. ఇయర్‌ఫోన్స్‌కైతే దీనికి ఎదురు సమస్య. సెన్సిటివిటీ మరీ ఎక్కువున్నవి బలమైన యాంప్‌కి తగిలిస్తే హిస్ వినబడుతుంది, వాల్యూమ్ ఒక్క మెట్టు ఎక్కిస్తే ఎక్కువ, దించితే తక్కువ అవుతుంది. గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) స్విచ్ ఉన్న డ్యాక్ అయితే లో గెయిన్‌లో పెట్టుకోండి.

బ్లూటూత్ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్‌ని ఆడియో పిచ్చివాళ్ళు తీసిపారేస్తారు గానీ మీలాంటి అవసరానికి నేను తీసిపారేయను. ఫ్యాన్ చప్పుడు, ఫ్రిజ్ గురక, వీధి హోరు ఉన్నప్పుడు మనం తెలియకుండానే వాటిని దాటేలా వాల్యూమ్ పెంచుకుంటాం. ఆ చప్పుడు పది డెసిబెల్స్ తగ్గితే పాట కూడా పది తగ్గించి అంతే హాయిగా వినొచ్చు. చెవికీ మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ సమయం సగమవుతుంది. స్పీకర్లతో వినేటప్పుడు కూడా ఇదే సంగతి గుర్తుపెట్టుకోండి. టేబుల్ మీద లాప్‌టాప్ ఫ్యాన్ గిర్రుమంటుంటే ముందు దాన్ని దూరంగా పెట్టండి. పైసా ఖర్చు లేకుండా సెట్ మెరుగుపడుతుంది.

సినిమాల గొడవకి కొత్త సామాను అవసరం లేకపోవచ్చు. ముందు టీవీ సెట్టింగుల్లో ఆడియో అవుట్‌పుట్ చూడండి. రెండే స్పీకర్లు ఉండి అక్కడ 5.1 (ఆరు స్పీకర్ల అమరిక) అని పెట్టి ఉంటే, సెంటర్ స్పీకర్‌కి వెళ్ళాల్సిన మాటలు సరిగ్గా చేరకపోవచ్చు. పీసీఎం లేదా స్టీరియో అని మార్చండి. తర్వాత నైట్ మోడ్, డైనమిక్ రేంజ్ కంప్రెషన్, యాపిల్ టీవీలో అయితే రెడ్యూస్ లౌడ్ సౌండ్స్, ఏ పేరుతో ఉన్నా దాన్ని ఆన్ చేయండి. అది గట్టివాటిని అణిచి మెల్లనివాటిని లేపుతుంది. పాటలకి నేను వాడను, రాత్రి సినిమాకి మాత్రం మొహమాటం లేకుండా వాడతాను.

షాపుకి వెళ్ళినప్పుడు చేయాల్సింది ఒక్కటి రాసి ముగిస్తాను. గొంతు మధ్యలో ఉండే ఒక పాట, వీలైతే పాత మోనో రికార్డింగ్, ఫోన్‌లో పెట్టుకెళ్ళండి. స్పీకర్ల మధ్య మీటరు ఎడం ఉంచి, మీరు మీటరు దూరంలో కూర్చుని, ట్వీటర్లు చెవి ఎత్తుకి వచ్చేలా పెట్టించండి. మీ పక్కనున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేదాకా వాల్యూమ్ తగ్గించమనండి. షాపతను "ఇంకొంచెం పెంచుదామా సార్" అంటాడు, వద్దనండి. ఇప్పుడు గొంతు మధ్యలోనే ఉందా? మాటలు తెలుస్తున్నాయా? అక్కడి నుంచి ఇంకా తగ్గించుకుంటూ పోతే గొంతు పక్కకి జరుగుతోందా, లేక అక్కడే ఉండి సన్నబడుతోందా? జరిగితే ఆ వస్తువు వదిలేయండి.

మీ టేబుల్ వెడల్పు ఎంత, అది ఆనుకున్న గోడ పక్కింటిదా, బయటిదా, పాప పడుకునే గదికి తలుపు ఉందా, మీరు పాటలు ఫోన్ నుంచి వింటారా కంప్యూటర్ నుంచా, ఈ నాలుగూ రాయండి. అప్పుడు ఫలానా మోడల్ అని చెప్పగలను.